ఏ బస్సుకొచ్చారు బాబాయ్?

పోయిన వేసవిలో ఓ రాత్రి పదకొండు దాటాక మా అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్యకి ఊపిరాడ్డం నేదు బావూ. పెద్దాసుపత్రికి తీసుకుపోమంటన్నారు" అంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను. దొరికిన బస్సెక్కి మర్నాడు మధ్యాహ్నానికి ఆసుపత్రికి చేరాను. అప్పటికి గండం గడిచింది. మావయ్య మంచం మీద నీరసంగా నవ్వి, "ఒచ్చీసావా అల్లుడూ" అన్నాడు.

మా అమ్మ పుట్టిల్లు కవిటి మండలంలో ఒక ఊరు. ఉద్దానం అంటే చాలామందికి కొబ్బరితోటలు గుర్తొస్తాయి. మాకు మాత్రం క్రియాటిన్ గుర్తొస్తుంది. మా ఊళ్లో బడి మెట్లెక్కని ముసలమ్మ కూడా ఆ మాటను తడుముకోకుండా పలుకుతుంది. "ఎంతుంది?" అంటే బియ్యం ధర అడుగుతున్నారనుకోకండి, అడిగేది క్రియాటిన్ గురించే. మావయ్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ వారంలో రెండుసార్లు మానేశాడు. ఒంట్లో నీరు చేరి ఊపిరి అందలేదు.

వార్డులో కుర్ర డాక్టరు నన్ను చూడగానే, "మీరైనా చెప్పండి. ఇలా మానేస్తే ప్రాణం పోతుంది. ఈయన చెప్పింది వినరు" అన్నారు. ఆయన అన్నది అబద్ధమేమీ కాదు. అసలు సిగ్గుపడాల్సింది నేను. మావయ్యకు ఫోన్ చేసినప్పుడల్లా నేనూ అదే మాట అనేవాణ్ని. "ఎందుకు మానేస్తున్నావు? బుద్ధుండొద్దా?" అని అరిచేవాణ్ని. అది అరుపే గానీ ప్రశ్న కాదు. జవాబు కోసం నేను ఎప్పుడూ ఆగలేదు.

ఆ సాయంత్రం ఒక అమ్మాయి వచ్చింది. ఎంబీబీఎస్ మూడో ఏడాదట. కేసు రాసుకోవాలి, కాసేపు మాట్లాడొచ్చా అని అడిగింది. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. జబ్బు ఎప్పటినుంచి, ఏ మందులు వాడుతున్నారు అన్నీ అయ్యాక, "డయాలసిస్‌కి ఏ బస్సుకెళ్తారు బాబాయ్?" అంది.

మావయ్య ఆ పిల్ల మొహంలోకి చూశాడు. ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు.

"బస్సెక్కడిదమ్మా! నాకు ఆరింటికి రమ్మన్నారు. మా ఊరికి మొదటి బస్సు ఏడు దాటాక ఒస్తాది. ఆటో కట్టించుకోవాల. నాలుగ్గంటలు అక్కడే ఉండాలి కదా, రానూపోనూ ఆరొందలంటాడు."

"తోడు ఎవరొస్తారు?"

"మా ఇంటిది ఒస్తే ఆ రోజు కూలి పోద్ది. జీడిపప్పు బట్టీలో పని దానికి. కుర్రోళ్లిద్దరూ చెన్నైలో ఉన్నారు. ఒంటరిగా వొస్తే తిరిగెల్లేటప్పుడు కళ్లు తిరుగుతాయి. ఆటోవోడికి డబ్బుల్లేని రోజు మానీసినాను, అంతే."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. మనసులో లెక్క వేశాను. నెలకు 12 సార్లు, సారికి 600. మొత్తం 7,200 రూపాయలు. 2019 నుంచి డయాలసిస్ రోగులకు ప్రభుత్వం ఇస్తున్న పింఛను నెలకు 10,000. అందులో ముప్పాతిక దాకా ఆటోకే పోతే ఇంకేం మిగుల్తుంది? ఇన్నేళ్లుగా నేను కంప్యూటర్ ముందు కూర్చుని కోట్ల లెక్కలు చూసే ప్రోగ్రాములు రాస్తున్నాను. సొంత మావయ్య ఇంటి లెక్క ఒక్కసారి కూడా వేయలేదు.

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే ఒక పద్ధతి ఉంది. తప్పెవరిది అని ముందు అడగరు. ఎందుకు పడింది అని అడుగుతారు. వచ్చిన జవాబుకు మళ్లీ ఎందుకు అంటారు. అలా అయిదుసార్లు. టయోటా కార్ల కంపెనీ నుంచి వచ్చిన పద్ధతి ఇది. మావయ్య విషయంలో చూడండి. ఊపిరి ఎందుకు అందలేదు? డయాలసిస్ మానేశాడు. ఎందుకు? ఆరింటికి చేరలేడు. ఎందుకు? ఆ వేళకు బస్సు లేదు, ఆటోకు డబ్బు లేదు. తోడెందుకు లేదు? అత్తయ్య కూలి పోతుంది, కొడుకులు వలసపోయారు. ఎందుకు వలసపోయారు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం కొబ్బరిచెట్లను, జీడితోటలను నేలకూల్చింది. మావయ్య తోట కూడా అందులోనే పోయింది. కుర్ర డాక్టరు మొదటి ఎందుకు దగ్గరే ఆగిపోయారు. నేనైతే అక్కడిదాకా కూడా వెళ్లలేదు.

ఆ అమ్మాయి మర్నాడు ఉదయం రౌండ్స్‌లో ప్రొఫెసర్‌గారికి ఇదంతా చెప్పింది. ఆయన డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేయించారు. మావయ్యను మధ్యాహ్నం షిఫ్టుకు మార్చారు. బస్సుకు వెళ్లి బస్సుకు రావచ్చు. ఆయన ఊరి నుంచే వచ్చే ఇంకో రోగిని కూడా అదే షిఫ్టులో పెట్టమన్నారు, ఒకరికొకరు తోడని. పైసా ఖర్చు కాలేదు.

ఉండబట్టలేక ఆ అమ్మాయిని అడిగాను, బస్సు సంగతి అడగాలని ఎవరు నేర్పారు అని. నవ్వింది. 2022 నుంచి దేశంలో ఎంబీబీఎస్‌లో చేరిన విద్యార్థులు మొదటి ఏడాదిలోనే పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకోవాలి. చదువు సాగినన్నాళ్లూ వాళ్లింటికి వెళ్లి వస్తుండాలి. ఈమెకు ఒక తీరగ్రామం వచ్చింది. మొదటిసారి వెళ్లి ఒక అవ్వకు బీపీ చూసి, "ఉప్పు తగ్గించాలి, ఎండుచేపలు మానేయాలి" అని చెప్పిందట. అవ్వ పకపకా నవ్వి, "మరైతే గంజిలోకి కూర నువ్వు అంపిస్తావేటమ్మా?" అందట. "ఆ రోజు నుంచి సలహా ఇచ్చేముందు వంటింట్లోకి తొంగిచూస్తున్నాను సార్" అంది. అందరికీ అలాగే జరుగుతుందా అంటే, "లేదు సార్. కొందరు ఫారం నింపేసి వచ్చేస్తారు" అని ఒప్పుకుంది.

ఆ ఫారం దగ్గరే నా బాధంతా. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1848లో జర్మన్ డాక్టరు రుడాల్ఫ్ విర్చో టైఫస్ జ్వరాలు చూడ్డానికి అప్పర్ సైలీషియాకు వెళ్లి, వీళ్లకు కావలసింది మందుల కన్నా ముందు తిండి, చదువు, స్వేచ్ఛ అని నివేదిక రాశాడు. మన దేశంలో 1946లోనే భోర్ కమిటీ, రోగి బతుకును కూడా చూడగల 'సామాజిక వైద్యుడు' కావాలని చెప్పింది. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో రోగితో ఎలా మాట్లాడాలో నేర్పే పాఠాలు కూడా పెట్టారు. కాగితం మీద లోటేమీ లేదు. శ్రీకాకుళంలో, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, నెల్లిమర్లలో మిమ్స్ ఉంది, రాగోలులో జెమ్స్ ఉంది. ఏటా వందలమంది కొత్త డాక్టర్లు మన రెండు జిల్లాల్లో తయారవుతున్నారు. వాళ్లు ఫారం నింపడం నేర్చుకుని వెళ్తున్నారా, బస్సు అడగడం నేర్చుకుని వెళ్తున్నారా అన్నదే ప్రశ్న.

మీరు అనొచ్చు, ఓపీలో వందమంది ఉంటే డాక్టరు బస్సుల టైములు అడుగుతూ కూర్చోవాలా అని. న్యాయమైన మాటే. డాక్టరు రోడ్డు వేయలేడు, బస్సు నడపలేడు. కానీ అడిగితే తెలుస్తుంది, తెలిస్తే ఎవరో ఒకరు చేయగలుగుతారు. పార్వతీపురం ఐటీడీఏ వాళ్లు ఏం చేశారో చూడండి. కొండ మీది ఊళ్ల నుంచి గర్భిణులను డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణాలు పోతున్నాయి. అందుకని సాలూరులో వసతి గృహం పెట్టి, నెలలు నిండకముందే వాళ్లను కిందికి తెచ్చి ఉంచారు. అక్కడ జబ్బు పేరు రోడ్డు లేకపోవడం. మందు పేరు ఒక మంచం, మూడుపూటలా భోజనం. ఎక్కడో మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలకూ మా ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బే వస్తోంది. అక్కడ పొలంలో నీళ్లు, నీడ, మధ్యమధ్యలో విశ్రాంతి ఇచ్చి కిడ్నీలను కాపాడే ప్రయత్నం చేస్తున్నారు. ఆ కూలీ ఎండలో ఎన్ని గంటలు పనిచేస్తాడని ముందు ఎవరో అడిగి ఉంటారు కదా!

ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లనీ, ఎండనీ, నొప్పుల బిళ్లలనీ, పురుగుమందులనీ రకరకాలుగా అంటారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. హిరమండలం నుంచి గొట్టాల్లో మంచినీళ్లు తెచ్చారు. అవన్నీ కావాల్సినవే. కానీ ఇంత పెద్ద ఆసుపత్రి కట్టాక కూడా, దానిదాకా మనిషి ఎలా వస్తాడో అడిగేవాళ్లు లేకపోతే మంచం ఖాళీగా ఉంటుంది, మనిషి ఇంట్లో ఆయాసపడుతుంటాడు.

నాకు తోచింది ఒక్కటే. మెడికల్ విద్యార్థి కేసు చెప్పేటప్పుడు ప్రొఫెసర్‌గారు, "క్రియాటినిన్ ఎంత?" అని అడిగినంత గట్టిగా, "ఇంటికెలా వెళ్తాడు? ఇంట్లో సంపాదించేదెవరు?" అని కూడా అడగాలి. జవాబు తెలియకపోతే మార్కులు తగ్గాలి. మనవాళ్లం పరీక్షకొచ్చేది బాగా చదువుతాం. నేనూ అలాగే ఇంజినీరింగ్ గట్టెక్కాను కాబట్టి చెప్తున్నాను.

మావయ్య జబ్బు తగ్గలేదు. అది తగ్గేది కాదని మాకందరికీ తెలుసు. కానీ షిఫ్టు మారాక ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మానలేదు. ఫోన్‌లో నా పలకరింపు కూడా మారింది. ఇదివరకు "మందులేసుకున్నావా?" అనేవాణ్ని. నిన్న "బస్సులో సీటు దొరికిందా మావయ్యా?" అన్నాను.

"కిటికీ పక్కనే దొరికింది అల్లుడూ" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు.