వార్డులో ఫోన్ తీయనివ్వండి

మందుల మోతాదులు, ఒకదానితో మరొకటి కలిస్తే వచ్చే ముప్పు, ల్యాబ్ విలువలు చెప్పే యాప్‌లు నర్సింగ్ విద్యార్థుల చేతుల్లోకి వచ్చాయి. మెడ్‌స్కేప్ వంటివి ఉచితం. వాడాలన్న ఉత్సాహమూ ఉంది. కానీ క్లినికల్ పోస్టింగ్‌లో ఫోన్ తీస్తే సిస్టర్ గద్దిస్తారు, రోగి బంధువులు వాట్సాప్ చూస్తున్నారనుకుంటారు. ఆ భయంతో యాప్‌లు హాస్టల్ గదికే పరిమితమవుతున్నాయి.

అవసరమేమో వార్డులోనే. 500 మి.లీ. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, ఐవీ సెట్ మి.లీ.కు 20 చుక్కలది. అంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. నైట్ డ్యూటీ అలసటలో ఈ లెక్క సరిచూసుకోవడానికి యాప్ ఉంటే రోగికే మేలు. అయితే కాగితం మీద లెక్క కట్టడం రానివారికి యాప్ చూపిన అంకె తప్పో ఒప్పో ఎలా తెలుస్తుంది? పైగా మన ప్రభుత్వాసుపత్రుల్లో ఇన్సులిన్ వయల్ ఎక్కువగా మి.లీ.కు 40 యూనిట్లది, అమెరికాలో 100 యూనిట్లది. అక్కడివారి కోసం చేసిన యాప్‌ను గుడ్డిగా నమ్మితే ప్రాణం మీదికొస్తుంది.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 నాటి బీఎస్సీ సిలబస్‌లో ఇన్ఫర్మాటిక్స్‌ను, అంటే నర్సింగ్‌లో సమాచార సాంకేతికత వాడకాన్ని, చేర్చింది. చాలా మంచి పని. అది కంప్యూటర్ ల్యాబ్‌లోనే ముగియకూడదు. ఏ యాప్‌లు వాడవచ్చో కళాశాలలే జాబితా ఇవ్వాలి. రోగి ఫొటో, కేస్‌షీట్ ఫోన్‌లోకి ఎక్కకూడదన్న నిబంధన కఠినంగా ఉండాలి. ట్యూటర్లు పక్కన నిలబడి, రోగి మంచం దగ్గరే వాడకం నేర్పాలి.