డాలరు చేరితే చాలదు, లెక్క కుదరాలి

2020 ఆగస్టు 11వ తేదీన అమెరికాలోని సిటీబ్యాంకు ఒక చిన్న పని చేయవలసి ఉండింది. రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ తరఫున, ఆ కంపెనీకి అప్పిచ్చినవారికి సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాలి. కాని వెళ్లినది దాదాపు 90 కోట్ల డాలర్లు. వడ్డీతోపాటు అసలు కూడా బ్యాంకు సొంత సొమ్ములోనుంచి బయటికి పోయింది. ఆ చెల్లింపును చూసినవారు ఒకరు కాదు, ముగ్గురు: మన దేశంలో పనిచేస్తున్న ఇద్దరు కాంట్రాక్టు ఉద్యోగులు, అమెరికాలో ఉన్న ఒక బ్యాంకు అధికారి. అసలు సొమ్మును బ్యాంకు అంతర్గత ఖాతాలోకి మళ్లించాలంటే కంప్యూటరు తెరపై మూడు గళ్లు నింపాలి. వారు ఒక్కటే నింపారు. అదే చాలునని ముగ్గురూ నమ్మారు.

మరునాడు లెక్కలు సరిచూసుకొంటున్నప్పుడు పొరపాటు బయటపడింది. కొందరు సొమ్ము తిరిగి ఇచ్చారు. సుమారు 50 కోట్ల డాలర్లు మాత్రం కొందరు ఇవ్వమన్నారు. 2021 ఫిబ్రవరిలో న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది. 2022 సెప్టెంబరులో అప్పీలు న్యాయస్థానం దానిని రద్దు చేసేవరకు బ్యాంకుకు నిద్ర లేదు.

అంత పెద్ద బ్యాంకు కథ మనకెందుకని గుంటూరు మిర్చి ఎగుమతిదారు గాని, తిరుప్పూరు బనీన్ల వర్తకుడు గాని, మొరాదాబాదు ఇత్తడి సామాన్ల వ్యాపారి గాని అనుకోవచ్చు. కాని ఆ కథలో ఉన్న రెండు విషయాలు చిన్న వర్తకునికే ఎక్కువ వర్తిస్తాయి. తెరపై కనిపించే గళ్ల అర్థం తెలియకపోతే ఎంతమంది చూసినా లాభం లేదు. పొరపాటును పట్టి ఇచ్చేది మరునాటి సరిపోల్చుటే. పెద్ద బ్యాంకుకు దెబ్బ తట్టుకొనే శక్తి ఉంది. చిన్న సంస్థకు ఒక్క ఇన్‌వాయిస్ సొమ్ము చిక్కుకుంటే జీతాలు ఆగిపోతాయి. కాబట్టి విదేశీ చెల్లింపులకు, ఖాతాల సరిపోల్చుటకు సాఫ్ట్‌వేర్ కొనబోయేవారు ధర విచారించేముందు సొమ్ము నడిచే దారిని తెలుసుకోవాలి.

విదేశీ చెల్లింపులలో ఎక్కువ భాగం స్విఫ్ట్ అనే వ్యవస్థ ద్వారా నడుస్తున్నది. బెల్జియం కేంద్రంగా 1973లో బ్యాంకులన్నీ కలిసి స్థాపించుకొన్న సహకార సంస్థ ఇది. స్విఫ్ట్ సొమ్మును మోయదు, సందేశాన్ని మాత్రమే మోస్తుంది. సొమ్ము ఒక బ్యాంకు మరొక బ్యాంకులో ఉంచుకొన్న ఖాతాల మధ్య మారుతుంది. మధ్యలో ఒకటి రెండు బ్యాంకులు ఉంటే అవి తమ రుసుము తీసుకొంటాయి. ఆ రుసుమును ఎవరు భరించాలో సందేశంలోనే మూడక్షరాల సంకేతం చెబుతుంది. ‘అవర్’ అంటే పంపేవారే భరిస్తారు. ‘బెన్’ అంటే పుచ్చుకొనేవారు భరిస్తారు. ‘షా’ అంటే ఇద్దరూ పంచుకొంటారు. ఈ సంకేతాన్ని పట్టించుకోని సాఫ్ట్‌వేరుకు, వచ్చిన సొమ్ము బిల్లుకన్న ఎందుకు తగ్గిందో ఎప్పటికీ అర్థం కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 10,000 డాలర్లకు ఇన్‌వాయిస్ వ్రాసిన రోజున డాలరు 83 రూపాయలు అనుకొందాం. పుస్తకంలో 8,30,000 రూపాయల బాకీ వ్రాశాము. దారిలో 40 డాలర్లు రుసుముగా పోయి 9,960 డాలర్లు వచ్చాయి. ఆ రోజు రేటు 84 రూపాయలు. అంటే 8,36,640 రూపాయలు. అందులో మన బ్యాంకు 500 రూపాయల రుసుము, దానిపై 90 రూపాయల జి.ఎస్.టి. తగ్గించుకొని 8,36,050 రూపాయలు జమ చేసింది.

తొందరపడే గుమాస్తా, తెలివిలేని సాఫ్ట్‌వేర్ ఒకే పని చేస్తారు: 6,050 రూపాయలు లాభమని వ్రాసి పద్దు మూసేస్తారు. నిజానికి ఇక్కడ నాలుగు పద్దులున్నాయి. మారకం రేటు వల్ల వచ్చిన లాభం 10,000 రూపాయలు. మధ్య బ్యాంకు రుసుము 3,360 రూపాయలు. మన బ్యాంకు రుసుము 500, పన్ను 90. నికరం 6,050 సరిపోయింది గదా అని ఊరుకొంటే, రేపు రూపాయి బలపడిన రోజున లాభం మాయమై రుసుములు మాత్రం మిగులుతాయి. అప్పుడు గాని అవి కంటబడవు. పన్ను పద్దు కూడా విడిగా కనిపించకపోతే, చట్టప్రకారం తిరిగి పొందగల మొత్తాన్ని చేజేతులా వదులుకొన్నట్లే.

కనుక సాఫ్ట్‌వేర్ అమ్మవచ్చినవారిని ఈ ఉదాహరణనే తెరపై చేసి చూపమనండి. నాలుగు పద్దులూ వేరువేరుగా పడితేనే మాట ముందుకు సాగనివ్వండి. ఆ తరువాత ఈ ప్రశ్నలు వేయండి.

మొదటిది, గుర్తింపు సంఖ్య. 2018 నవంబరు నుండి స్విఫ్ట్ చెల్లింపు సందేశాలకు 36 అక్షరాల ప్రత్యేక సంఖ్య తప్పనిసరి అయింది. సొమ్ము దారిలో ఎక్కడ ఆగిందో ఆ సంఖ్యతో బ్యాంకు ద్వారా విచారించవచ్చు. దానిని ఇన్‌వాయిస్ పక్కనే ఉంచుకొనే గడి సాఫ్ట్‌వేరులో ఉన్నదా? ఒకే చెల్లింపులో మూడు ఇన్‌వాయిస్‌ల సొమ్ము వచ్చినా, ఒకే ఇన్‌వాయిస్‌కు రెండు విడతలుగా వచ్చినా పంచి వ్రాయగలదా?

రెండవది, ఎగుమతి పత్రాలు. ఎగుమతుల రాబడిని గమనించుటకు రిజర్వు బ్యాంకు 2014లో ఇ.డి.పి.ఎం.ఎస్. అనే కంప్యూటరు వ్యవస్థను ప్రవేశపెట్టింది. కస్టమ్స్ వారి షిప్పింగు బిల్లు ఒకవైపు, వచ్చిన సొమ్ము మరొకవైపు అందులో జతపడాలి. సొమ్ము వచ్చి కూడా జత కుదరకపోతే ఆ బిల్లు వసూలు కానట్లే కనిపిస్తుంది, వివరణలు మనమే ఇచ్చుకోవాలి. షిప్పింగు బిల్లు సంఖ్య, బ్యాంకు ధ్రువపత్రం సంఖ్య, గడువు తేదీ ఒకే చోట కనిపించే ఏర్పాటు కావాలి. గడువులను రిజర్వు బ్యాంకు అప్పుడప్పుడు సవరిస్తుంది గనుక, వాటిని మనమే మార్చుకొనే వీలుండాలి.

మూడవది, సంవత్సరాంతం. మార్చి 31 నాటికి రావలసిన విదేశీ బాకీలను ఆనాటి ముగింపు రేటుతో తిరిగి లెక్కకట్టాలని 11వ అకౌంటింగు ప్రమాణం చెబుతున్నది. ఈ పని బటన్ నొక్కితే కావాలి, మరి ఆ లెక్క ఎలా వచ్చిందో కాగితంపై చూపగలగాలి.

నాల్గవది, దిద్దుబాట్ల చరిత్ర. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు వాడే అకౌంటింగు సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పూ తేదీతో నమోదు కావాలి, ఆ నమోదును ఎవరూ ఆపివేయలేకుండా ఉండాలి. ఇది చట్టం. భాగస్వామ్య సంస్థలకు ఈ నిర్బంధం లేకపోయినా, తనిఖీకి ఇంతకన్న మంచి సాక్ష్యం లేదు.

అయిదవది, ఇద్దరి చేతులు. చెల్లింపు తయారుచేసేవారు వేరు, అనుమతించేవారు వేరు కావాలి. సరఫరాదారు పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని ఈమెయిలు పంపి సొమ్ము కాజేసే మోసం నేడు అన్ని దేశాలలోను సాగుతున్నది. ఖాతా సంఖ్య మార్చగానే రెండవ వ్యక్తి అనుమతి లేనిదే చెల్లింపు కదలకూడదు. ఆ రెండవ వ్యక్తి కూడా ఈమెయిలుకు జవాబివ్వడం కాక, పాత కాగితాలలో ఉన్న సంఖ్యకు ఫోను చేసి విచారించాలి.

చివరిది, వీడ్కోలు. రేపు ఈ సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే మన పద్దులన్నీ మామూలు పట్టికలుగా బయటికి తీసుకోగలమా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే, ధర ఎంత తక్కువైనా అది ఖరీదైన సరుకే.

ఇన్ని జవాబులూ బాగున్నాయనుకొన్నా వెంటనే సంతకం చేయవద్దు. గడచిన మూడు నెలల ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకొని, మీ గుమాస్తా చేతనే వాటిని కొత్త సాఫ్ట్‌వేరులో వ్రాయించండి. అమ్మేవారిని ఆ సమయంలో పక్కన కూర్చోనివ్వకండి. జత కుదరని పద్దులు ఎన్ని మిగిలాయో, వాటికి కారణం తెరపై తెలిసిందో లేదో చూడండి. ఏ గడి ఎందుకున్నదో గుమాస్తాను అడిగి చెప్పించుకోండి. అతడు తడుముకొన్న చోట మరొక వారం శిక్షణ ఇప్పించండి. ఆ ముగ్గురికీ 2020లో మిగిలిన రెండు గళ్ల సంగతి ముందే తెలిసి ఉంటే, రెండేళ్లపాటు న్యాయస్థానాల చుట్టూ తిరిగే అవసరం ఆ బ్యాంకుకు కలిగేది కాదు.