పెట్టె యడుగునున్న వ్రాతలు



మన మండపేటలో వ్రాయగల స్త్రీలు తక్కువవారు కారు. వ్రాసినదానిని పత్రికకు పంపువారు మాత్రము మిక్కిలి అరుదు. హారతిపాటయో, కథయో, నాలుగు పద్యములో వ్రాసి, పట్టుచీరల మడతలలో దాచి, పెట్టెకు తాళము వేయుట మనకు అలవాటైనది. వ్రాయుటకు చదువు చాలును. పంపుటకు ధైర్యము కూడ కావలెను. ఈ నెల ఆ ధైర్యమును గూర్చి ముచ్చటించుకొందము.

నా యెఱిగిన స్త్రీలు చెప్పు భయములు మూడు. మొదటిది, "బడికి పోయి చదివినదానను కాను, నా వ్రాత యెవరు మెత్తురు?" అనునది. భండారు అచ్చమాంబగారికి బాల్యముననే వివాహమైనది. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో ఆమె యింటియందే చదువుకొనిరి. 1902లో ఆమె కథ 'ధనత్రయోదశి' 'హిందూసుందరి' పత్రికలో అచ్చయ్యెను. 1905లో ఆమె గతించిరి. ఆ కథను లోకము చాలకాలము మఱచినది. తరువాత పాతసంచికలు వెదకిన పరిశోధకులు, 1910లో వచ్చిన గురజాడవారి 'దిద్దుబాటు' కంటె అది ముందటిదని చూపిరి. అచ్చులో నుండుటచేతనే గదా అది దొరకినది! పెట్టెలో నుండినచో ఎవరు వెదకెదరు?

మా వీధిలో నొక ముసలమ్మగారు ముప్పదియేండ్లు పాటలు కట్టి పుస్తకములలో వ్రాసికొనిరి. ఆమె పోయిన యేడాదికి ఆ పుస్తకములు పాతకాగితములతో కలసి తూకమునకు పోయినవి. ఇంటివారు చెడ్డవారు కారు. అందేమున్నదో వారికెన్నడును తెలియదు.

రెండవ భయము, తిరిగి వచ్చునేమో యని. మా యింటికి బడిపిల్లల వ్రాతకాగితములు కట్టలుగా వచ్చును. దిద్దుట పిల్లవానిని వెలివేయుట కాదు. సంపాదకులకును పుటలు కొన్నియే యుండును. దీపావళి కథ దీపావళినాడు పంపినచో ఎంత బాగున్నను వారేమి చేయగలరు? పండుగ కథను రెండు మూడు నెలలు ముందుగా పంపవలెను. తిరిగివచ్చినదానిని ఒక పక్షము పక్కనుంచి, మరల చదివి, దిద్ది, వేఱొక పత్రికకు పంపుడు.

మూడవది చుట్టములేమందురో యని. అసలు భయమిదియే, తక్కినవి దీనికి కప్పిన దుప్పట్లు. కనుపర్తి వరలక్ష్మమ్మగారు 'లీలావతి' యను పేరు పెట్టుకొని ఆంధ్రపత్రికలో 'మా చెట్టునీడ ముచ్చట్లు' వ్రాసిరి. తరువాత 1934లో గృహలక్ష్మీ స్వర్ణకంకణము మొదట అందుకొన్నదియు ఆమెయే. మాఱుపేరు ద్వారముకడ వ్రేలాడు తెర వంటిది. దాని వెనుకనుండి మాటలాడవచ్చును. ధైర్యము కలిగిననాడు తొలగింపవచ్చును. సంపాదకులకు మాత్రము మీ నిజమైన పేరు, చిరునామా తెలుపవలెను. ఇంకొక మాట. పొరుగింటివారి దుఃఖమును వారు గుర్తుపట్టునట్లు వ్రాయకుడు. అట్టి కథకు వచ్చు నింద భయపడదగినదే.

మన గోదావరి సీమ ఈ పనికి క్రొత్తది కాదు. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1883లోనే స్త్రీలకొఱకు 'సతీహితబోధిని' వెలువరించిరి. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు తామే 'సావిత్రి' పత్రికను నడపిరి. పంపుటయే కాక, వచ్చినవానిని చదివి యెన్నుకొను పనియు స్త్రీలు చేసిన సీమ యిది.

ఇక పంపు విధము. మొదట ఆ పత్రికను రెండు మూడు సంచికలు చదివి, వారు వేయునది కథయా, పాటయా, ఎంత నిడివి గలదియో గమనింపుడు. కాగితమునకు ఒక ప్రక్కనే, అంచు విడిచి, విడివిడిగా వ్రాయుడు. ప్రతి యొకటి మీయొద్ద నుంచుకొనుడు. అది మీ స్వంత రచనయనియు, వేఱొకచోట పరిశీలనలో లేదనియు హామీపత్రము జతచేయుడు. తపాలాలో పంపినచో తిరుగు కవరునకు బిళ్ళలు అంటింపుడు. నేడు ఈమెయిలున గైకొను పత్రికలును గలవు. ఇంటిలో చదువరి యొకరికి ముందు చూపుట మంచిది. వారు బాగులేదన్నను ఏల బాగులేదో అడిగి దిద్దుకొనుడు. పంపవలెనా మానవలెనా యను నిర్ణయము మాత్రము మీది.

అన్నియు ఒక్కసారి పంపనక్కఱలేదు. రాబోవు పున్నమిలోగా ఒక్కటి చాలును. ముందు ఆ పెట్టె తాళపుచెవి వెదకుడు.