ఎకరాల లెక్కలో చౌక, సెంట్ల లెక్కలో ప్రియం
చిన్న ప్లాటుకే ఎక్కువ ధర ఎందుకు?

బద్వేలు: ఇంటి స్థలం కొనబోయే వారికి ఒక చిక్కు లెక్క ఎదురవుతోంది. పొలాన్ని ఎకరాల్లో కొన్నవారికి సెంటు ఒక ధరకు పడితే, అదే పొలంలో రెండు సెంట్ల ప్లాటు కొనే కూలీకి సెంటు రెండింతలు, మూడింతలు పడుతుంది. ఈ తేడాలో కొంత న్యాయమైన ఖర్చు, కొంత కొనేవారి తెలియనితనం మీద నడిచే బేరం. రెండింటినీ విడదీసి చూసుకోకపోతే, కువైట్‌లో ఏళ్ల తరబడి కష్టపడి పంపిన సొమ్ము ఒక్క సంతకంతో చేయి జారుతుంది.

బద్వేలు మీదుగా నెల్లూరు, మైదుకూరులను కలుపుతూ 67వ నంబరు జాతీయ రహదారి పోతోంది. గోపవరం వద్ద ప్లైవుడ్ ఫ్యాక్టరీకి 2021 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. రోడ్డు, ఫ్యాక్టరీ ఉన్నచోట మెట్ట పొలం కూడా ప్లాట్ల లెక్కలోకి వస్తుంది.

ఎకరా ఎలా కరుగుతుంది?

ఉదాహరణకు ఎకరా 20 లక్షలకు కొన్నారనుకుందాం. సెంటు 20 వేలు పడింది. లేఅవుటు వేస్తే రోడ్లకు, ఖాళీ స్థలానికి 40 సెంట్లు పోయాయనుకుంటే అమ్మకానికి మిగిలేది 60 సెంట్లే. అంటే అసలు ధరే సెంటుకు 33 వేలు దాటింది. రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు, అనుమతుల ఫీజులు కలిసి మరో 6 లక్షలయితే సెంటు 43 వేలు దాటుతుంది. ప్లాట్లు అమ్ముడుపోయేదాకా పెట్టుబడిపై వడ్డీ, మధ్యవర్తి కమీషను, లాభం కలిపితే 60 వేలు. ఇంతవరకూ మోసం లేదు. రోడ్లు వేయకుండా, అనుమతి తీసుకోకుండా ఇదే 60 వేలు అడిగితే మాత్రం, చేయని ఖర్చును కొనేవారి నెత్తిన వేసినట్లే.

ఒకే లేఅవుటులో కూడా చిన్న ప్లాటుకు రేటు ఎక్కువ పలకడానికి కారణాలున్నాయి. రోడ్డు వైపు 20 అడుగుల వెడల్పున్న రెండు సెంట్ల ప్లాటుకు సెంటుకు 10 అడుగుల రోడ్డు ముఖం దక్కుతుంది. 30 అడుగుల వెడల్పున్న ఐదు సెంట్లకు సెంటుకు 6 అడుగులే. పైగా మొత్తం సొమ్ము తక్కువ కావడంతో చిన్న ప్లాటుకు కొనేవారు ఎక్కువ. అయితే ఈ సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. అర సెంటు మూల ముక్కను పక్కింటివారు తప్ప ఎవరూ కొనరు. రహదారి పక్కన కల్యాణ మండపానికో, పెట్రోలు బంకుకో సరిపడే పెద్ద చెక్కకు సెంటు లెక్కన కూడా ఎక్కువ రావచ్చు.

గోడలు తినే జాగా

చిన్న స్థలంలో ఇల్లు కట్టినా అడుగుకు ఖర్చు ఎక్కువే. వంటగది, స్నానాల గది, వీధి తలుపు ఇల్లు చిన్నదైనా తప్పవు. సెంటు స్థలం 435.6 చదరపు అడుగులు. 20 అడుగులకు 22 అడుగుల ఇంటికి చుట్టూ 9 అంగుళాల గోడ పెడితే జాగాలో దాదాపు 14 శాతం గోడకే పోతుంది. పొడవు, వెడల్పు రెండింతలైతే పోయేది 7 శాతమే. 2020 డిసెంబరులో మొదలైన పంపిణీలో ప్రభుత్వం పేదలకు పట్టణాల్లో సెంటు, గ్రామాల్లో సెంటున్నర ఇచ్చింది. 2025లో కొత్త విధానంలో వాటిని రెండు, మూడు సెంట్లుగా నిర్ణయించడం ఈ దృష్ట్యా గమనార్హం.

కొలత మారితే ధర మారుతుంది

నెల్లూరు వైపు బేరం అంకణాల్లో సాగుతుంది. అక్కడ అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36 మాత్రమే. అంకణం 10 వేలంటే నెల్లూరు లెక్కన సెంటు 60,500. తిరుపతి లెక్కన 1,21,000. మాట ఒకటే, ధర రెండింతలు!

పట్నాల్లో అపార్టుమెంట్లలోనూ ఇదే తిరకాసు. మెట్లు, వరండాల వాటా కలిపి వెయ్యి అడుగులని, అడుగు 4 వేల చొప్పున 40 లక్షలకు అమ్మిన ఫ్లాటులో లోపలి జాగా 720 అడుగులే ఉంటే అసలు రేటు 5,555 రూపాయలు. అందుకే 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం లోపలి జాగా, అంటే కార్పెట్ ఏరియా, ఎంతో చెప్పి తీరాలంటోంది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు దాటిన లేఅవుటును అమ్మకానికి ముందే రెరాలో నమోదు చేయించాలన్నదీ ఈ చట్టమే.

కొనేవారు ముందుగా ధరను గజానికి మార్చి చూసుకోవాలి. సెంటు అంటే 48.4 గజాలు. రెరా నంబరు, లేఅవుటు అనుమతి పత్రం అడగాలి. సెంటు మరీ చౌకగా వస్తుంటే అది అసైన్డ్ భూమో, 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నదో రిజిస్ట్రేషను కార్యాలయంలో విచారించాకే బయానా ఇవ్వాలి. ప్రతి లేఅవుటు ముందు అనుమతి నంబరు, రోడ్ల వెడల్పు, గజం ధర రాసిన బోర్డు ఉండేలా మునిసిపాలిటీ, పంచాయతీల అధికారులు చూస్తే, రెండు సెంట్ల కోసం వచ్చే పేదవాడికి పెద్ద మేలు జరుగుతుంది.