స్టేటస్ భయమే వాళ్ల పెట్టుబడి

"మీ ఐ-94లో తప్పుంది. ఈరోజే సరిచేసుకోకపోతే డిపోర్ట్ చేస్తారు." ఐ-94 అంటే అమెరికాలో ప్రవేశించినప్పటి రికార్డు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకు ఇలాంటి ఫోన్లు వస్తున్నాయి. తెర మీద ఇమిగ్రేషన్ కార్యాలయం నంబరో, వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం నంబరో కనిపిస్తుంది. ఆ నంబరును నమ్మకండి. ఇంటర్నెట్ కాల్‌కు ఏ నంబరైనా తగిలించవచ్చు. మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే హాట్‌లైన్ నంబరుతోనే మోసగాళ్లు ఫోన్లు చేస్తున్నారని 2017లో హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే హెచ్చరించాల్సి వచ్చింది.

ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ నేరాల విభాగం ఐసీ3కి 2023లో 8,80,418 ఫిర్యాదులు అందాయి. నష్టం 1,250 కోట్ల డాలర్లు. 2024లో ఫిర్యాదులు 8,59,532కు తగ్గాయి, నష్టం మాత్రం 1,660 కోట్లకు పెరిగింది. అంటే ఒక్కొక్కరి దగ్గర దోచేది పెరుగుతోంది. నన్ను కలవరపెడుతున్నది ఇదే. ఆ రెండేళ్లూ ఫిర్యాదుల సంఖ్యలో మొదటి స్థానం ఫిషింగ్‌దే, అంటే నకిలీ సందేశాలతో, లింకులతో వివరాలు కాజేసే మోసానిదే.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీదున్నవాళ్లకు స్టేటస్ పోతుందన్న భయం ఉత్తది కాదు. వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే నడిపిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో 2019లో ఎందరో తెలుగు విద్యార్థులు చిక్కుకున్నారు. ఆ భయం మీదే మోసగాడు ఆడుకుంటాడు. "లైన్ కట్ చేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు" అన్నాడంటే ఇక సందేహం అక్కర్లేదు. ఫోన్ పెట్టేసి, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుతో మీ డీఎస్ఓకు, అంటే అక్కడ విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి, ఫోన్ చేయండి. ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ ఫీజులు గిఫ్ట్ కార్డులతో కట్టించుకోదు.

లింకుల సంగతి వేరు. ఓటీపీ ఉంది కదా అన్న ధైర్యం ఇప్పుడు పనికిరాదు. నకిలీ పేజీలో మీరు కొట్టిన పాస్‌వర్డ్, ఓటీపీ అదే క్షణంలో అసలు సైటుకు వెళ్తాయి. లోపలికి మోసగాడు అడుగుపెడతాడు. పాస్‌వర్డ్‌కు బదులు మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే పాస్‌కీ అలా కాదు. అది సైటు చిరునామాకు ముడిపడి ఉంటుంది. నకిలీ చిరునామాను మన కన్ను పోల్చుకోలేకపోయినా పాస్‌కీ అక్కడ పనిచేయదు. ఇదే సూత్రం మీద నడిచే సెక్యూరిటీ కీలను 85,000 మందికి పైగా ఉద్యోగులకు తప్పనిసరి చేశాక, ఆఫీసు ఖాతా ఒక్కటీ ఫిషింగ్‌కు చిక్కలేదని గూగుల్ 2018లో చెప్పింది. పాస్‌కీని ముందు ఈమెయిల్‌కు, తర్వాత బ్యాంకు అవకాశమిస్తే ఆ ఖాతాకు పెట్టుకోండి.

డబ్బు పంపేసి ఉంటే ఆ గంటలోనే బ్యాంకుకు చెప్పాలి, ఐసీ3లో ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైనకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. కానీ అప్పు చేసి పంపిన అమ్మానాన్నలు ఏమంటారోనని పిల్లలు దాచుకుంటారు. అందుకే గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రులు ఇవాళే ఫోన్ చేసి చెప్పండి: "డబ్బు పోయినా నిన్నేమీ అనం, ముందు బ్యాంకుకు చెప్పు, తర్వాత మాకు చెయ్."