పిట్టగోడ లేని ఉద్యోగాలు

మన సంఘాల్లో ఉద్యోగం కోసం చేసే ప్రార్థన ఆ ఉద్యోగం దొరికిన రోజుతో ఆగిపోతుంది. ఉపవాస కూడికలో చీటీ మీద పేరు రాసి ఇస్తారు. అందరం మోకరిస్తాం. నెలకో రెండు నెలలకో పిల్లవాడికి బెంగళూరులో ఏదో ఒక పని కుదురుతుంది. ఆదివారం తల్లి నిలబడి కన్నీళ్లతో సాక్ష్యం చెబుతుంది, మొదటి జీతంలోంచి దశమభాగం కవరు వస్తుంది. ఆ తర్వాత ఆ పిల్లవాడు ఎన్నో అంతస్తు బయట వేలాడుతూ అద్దాలు తుడుస్తున్నాడో, నడుముకు బెల్టు ఉందో లేదో, రాత్రి పదకొండుకు డ్యూటీ దిగిన ఆడపిల్ల గదికి ఎలా చేరుతోందో ఏ కూడికలోనూ ఎవరూ అడగరు. నేనూ పాస్టర్‌నే కాబట్టి ఇది బయటివాడి విమర్శ అనుకోవద్దు, ఇంట్లో మనిషి మాట అనుకోండి.

నేనుండేది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో. ఇక్కడికి మన తాతముత్తాతలు ఎక్కువగా అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చారు. ఇప్పటి చిత్తూరు ప్రాంతం కూడా ఆ రోజుల్లో అందులోదే. తెలుగువాళ్లు, తమిళులు, అందులో అధికభాగం దళితులు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. లోపల రాయి ఒక్కసారిగా పగిలి మీద పడే రాక్ బరస్ట్‌లలో పోయినవాళ్లు పోగా, రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో దగ్గుతూ దగ్గుతూ మంచం పట్టినవాళ్లు ప్రతి లైనులోనూ ఉండేవారు. చాలామందికి టీబీ అనే మందులిచ్చేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ పని ప్రమాదకరమైనదని పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే దాని గురించి మాట్లాడేవాళ్లు, యూనియన్లు ఉండేవి, జెండాలు పట్టుకుని వీధిలోకి వచ్చేవారు.

ఇప్పటి పిల్లలది అలా కాదు. తెల్లవారుజామునే మారికుప్పం, ఛాంపియన్, ఊరుగాం స్టేషన్లలో రైలెక్కి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు పోతారు. సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్, డెలివరీ, పెయింటింగ్, గార్మెంట్స్, ఆస్పత్రి వార్డు. పన్నెండు గంటల డ్యూటీ, రానూపోనూ నాలుగైదు గంటల ప్రయాణం కలిపితే నిద్రకు ఏం మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి. నిద్ర చాలని మనిషి బండి నడుపుతాడు, నిచ్చెన ఎక్కుతాడు, యంత్రం కింద చెయ్యి పెడతాడు. చూడ్డానికి గని అంత భయంకరంగా ఉండదు కనుక దీన్ని మనం ప్రమాదం అనుకోవడం మానేశాం. చెన్నైలో వీధులు ఊడ్చే తెలుగు కుటుంబాలకూ, భివండీ, సోలాపూర్ మగ్గాల మధ్య చెవులు పోగొట్టుకున్న మనవాళ్లకూ ఇది కొత్త కథేమీ కాదు.

పని వెతుక్కోవడమే ఒక పని. బయోడేటా జిరాక్సులు, బస్సు పాసు, ఫోను రీఛార్జి, ఎవరి గదిలోనో నాలుగు రోజులు తలదాచుకోవడం. కన్సల్టెన్సీవాడు ముందుగా డబ్బు అడుగుతాడు. ఇంకొకడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తన బీరువాలో పెట్టుకుంటాడు. యూనిఫాం ఖర్చు మొదటి జీతంలో కోస్తాడు. ఇంత అయ్యాక, ఇంటర్వ్యూలో కూర్చున్న కుర్రాడు ‘సార్, సేఫ్టీ బెల్టు ఇస్తారా’ అని అడగగలడా? బయట ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. మా యువకుల కూడికలో ఈ సంగతి ఎత్తితే ఒకడు నిలబడి, ‘అయ్యగారూ, అడిగితే ఆ పని ఇంకొకడికి పోతుంది. అప్పుడు మీరిస్తారా?’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఒంటరిగా అడిగినవాడికి పని పోతుంది కనుక ఆ ప్రశ్న వాడి వెనక నిలబడి వాడి తరఫున సంఘం అడగాలి.

అడగకపోవడానికి మనం వాక్యాన్నే అడ్డం పెట్టుకుంటున్నాం. పని లేక ఇంట్లో ఉన్న కుర్రాడికి, పనిచేయనివాడు తినకూడదని పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాట వినిపిస్తాం. మన తెలుగు బైబిలులోనే అక్కడ ‘ఒల్లని’ అనే మాట ఉంది. పనికి ఇష్టపడనివాడి గురించి చెప్పిన మాటను పని దొరకనివాడి నెత్తిన పెడుతున్నాం. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని సాయంత్రం ఐదింటికి సంతవీధికి వెళ్తే అక్కడ ఇంకా మనుషులు నిలబడే ఉన్నారు. ఎందుకున్నారంటే ఎవరూ తమను పనికి పిలవలేదన్నారు. యజమాని వాళ్లను సోమరులని తిట్టలేదు, రోజు కూలి పూర్తిగా ఇచ్చాడు. బెంగళూరు కూలీల అడ్డాలో ఉదయం తొమ్మిది దాటాక మిగిలిపోయినవాళ్ల మొహాలు చూసినవాడికి ఆ ఉపమానం వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

ఇక రెండోది 91వ కీర్తన. ఇంటి గుమ్మం మీద స్టిక్కరుగా, హెల్మెట్ లేని బైకు ముందు భాగంలోనూ అదే. దేవుడు కాపాడతాడన్న విశ్వాసాన్ని నేను తగ్గించి చెప్పడం లేదు. కానీ ఆ కీర్తనను సువార్తల్లో ఎత్తి చెప్పింది ఎవరు? దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు పట్టుకుంటారు అన్నవాడు సాతాను. యేసు దూకలేదు. ప్రభువును శోధించకూడదన్నాడు. బెల్టు ఇవ్వకుండా ‘ఏం కాదులే, ఎక్కు’ అనే మేస్త్రీ ఎవరి గొంతుతో మాట్లాడుతున్నాడో ఆలోచించండి. ఆ మాటకు మనం ఆమెన్ చెప్పకూడదు.

ప్రమాదం జరిగాక మనం చెప్పే మాటలు ఇంకో రకం. దేవుని చిత్తం, సమయం వచ్చింది, ఏదో పాపం. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయిన సంగతి లూకా 13లో ఉంది. వాళ్లు యెరూషలేములో మిగతావారికంటే పాపులనుకుంటున్నారా, కాదు అని యేసు కచ్చితంగా చెప్పి, బతికున్నవాళ్లను మారుమనస్సు పొందమన్నాడు. చనిపోయినవాడి లెక్కలు తీయడం మాని, గోపురం కట్టినవాళ్లూ కట్టించినవాళ్లూ చూస్తూ ఊరుకున్నవాళ్లూ తమ లెక్క తాము చూసుకోవాలని నేను దాన్ని చదువుతాను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఇంకా తేట. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి. దాని మీది నుంచి ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది. పడినవాడు చూసుకుని నడవాల్సింది అని మోషే రాయలేదు.

మన దేశంలో చట్టం కూడా చాలావరకు ఆ మాటే అంటుంది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నియామక పత్రం ఇవ్వాలి. ప్రాణాపాయం ఉందని అనిపిస్తే కార్మికుడు యజమానికీ, ప్రభుత్వ అధికారికీ తెలియజేయవచ్చు. మంచిదే. కానీ అదే కోడ్‌లో కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం 50 మంది, ఆ పైన ఉన్న కాంట్రాక్టర్లకే వర్తిస్తుంది. పాత చట్టంలో అది 20. మన పిల్లలను తీసుకెళ్లే కాంట్రాక్టర్లు ఎప్పుడూ ఆ గీతకు కొంచెం కిందనే ఉంటారు! తనిఖీ అధికారిని ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ అంటున్నారు. ఎవరికి ఫెసిలిటీ కల్పిస్తాడన్నది ఆ పేరులో లేదు.

అందుకే నేను యువకులకు ముందుగా చెప్పేది ఈఎస్ఐ గురించి. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి, పదిమంది పనిచేసే చోట, ఇది వర్తిస్తుంది. 15,000 జీతమైతే కార్మికుడి వాటా 112 రూపాయల 50 పైసలు, యజమాని వాటా 487 రూపాయల 50 పైసలు. పనిలో ప్రాణం పోతే సగటు జీతంలో దాదాపు 90 శాతం కుటుంబానికి నెలనెలా పింఛనుగా వస్తుంది. దీనికి ఇన్నేళ్లు పనిచేసి ఉండాలన్న షరతు లేదు. 2010లో చేసిన సవరణ వల్ల, ఇంటి నుంచి పనికి వెళ్తూ, పని నుంచి ఇంటికి వస్తూ జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం రుజువైతే, పనిలో జరిగినట్టే లెక్కిస్తారు. రోజూ రైలెక్కే మా ఊరికి ఈ ఒక్క నిబంధన ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. ఈఎస్ఐ లేనిచోట 2025 నవంబరు వరకు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ ఉంది. కాంట్రాక్టర్ ఫోను ఎత్తకపోయినా, పని ఎవరి వ్యాపారం కోసం జరిగిందో ఆ అసలు యజమాని నుంచి పరిహారం రాబట్టుకోవచ్చని పాత చట్టంలాగే ఆ కోడ్ కూడా చెబుతుంది. కాబట్టి కాంట్రాక్టర్ పేరు ఒక్కటే తెలిస్తే చాలదు, ఏ కంపెనీ గోడ లోపల పనిచేస్తున్నాడో కుటుంబానికి తెలిసి ఉండాలి. ‘ఏదో ఐటీ కంపెనీ అన్నాడయ్యా’ అని ఆ తల్లి చెప్పే పరిస్థితి రాకూడదు.

ఆడపిల్లల భద్రత గురించి మాట్లాడేటప్పుడు బెల్టు, హెల్మెట్ చాలవు. సూపర్‌వైజర్ చెయ్యి, లిఫ్టులో మాట, రాత్రి షిఫ్టు తర్వాత చీకటి సందు, ఇవీ పనిస్థల ప్రమాదాలే. పదిమంది ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. అంతకంటే చిన్న చోటైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. మన దగ్గరికి వచ్చి చెప్పుకున్న పిల్లను ‘నువ్వు ఎలా ఉన్నావు’ అని అడగాల్సిన పెద్దలు ‘నువ్వేం చనువిచ్చావు’ అని అడుగుతున్నంత కాలం ఆ మూడు నెలలూ ఇంటి గుమ్మంలోనే అయిపోతాయి.

పనికీ కులానికీ ఉన్న ముడి గురించి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు, 2016లో మెగసెసే అవార్డు పొందిన బెజవాడ విల్సన్ ఈ కేజీఎఫ్‌లోనే పుట్టారు, తెలుగు దళిత క్రైస్తవ కుటుంబంలో. యువకుడిగా ఉద్యోగం కోసం పేరు నమోదు చేసుకోబోతే ఆయనకు పాకీపనే రాసి ఇచ్చారు. మనిషి అర్హత ఏమిటని అడగలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా పుణ్యమా అని దళిత క్రైస్తవుడికి ఎస్సీ రిజర్వేషన్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు మతం చూస్తారు, మురుగులోకి దించాల్సి వచ్చినప్పుడు కులం చూస్తారు. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. తీర్పుల్లో అంకె పెరిగింది గానీ, మనిషిని లోపలికి దించడం ఆగలేదు.

ఇక్కడ నగర సంఘాల్లోని పెద్దలతో ఒక మాట. బెంగళూరు, చెన్నై, ముంబై తెలుగు చర్చిల్లో మేనేజర్లు ఉన్నారు, హెచ్‌ఆర్‌లో పనిచేసే అక్కలు ఉన్నారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శులు ఉన్నారు. మీ ఆఫీసులో మరుగుదొడ్డి కడిగే అమ్మాయికి ఈఎస్ఐ నంబరు ఉందో లేదో కనుక్కోవడం మీకు ఒక ఈమెయిలుతో అయ్యే పని. అదే ప్రశ్న ఆమె వేస్తే మర్నాడు ఆమె ఉండదు. మీ అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు శుద్ధి గుంటలోకి రక్షణ లేకుండా మనిషిని దించితే అది కాంట్రాక్టర్ తప్పు మాత్రమే కాదు. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుంది, మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా. ఆదివారం మీ పక్క బెంచీలో కూర్చున్న కుర్రాడే సోమవారం ఆ గుంట దగ్గర నిలబడి ఉండవచ్చు.

సంఘాలు చేయదగినది పెద్దదేమీ కాదు. బాప్తిస్మాలకు, పెళ్లిళ్లకు రిజిస్టర్లు పెట్టుకున్న మనం పనికి వెళ్లేవాళ్ల పేర్లతో ఇంకో పుస్తకం పెట్టుకోవచ్చు. ఎక్కడ పని, కాంట్రాక్టర్ ఎవరు, అసలు కంపెనీ ఏది, ఈఎస్ఐ నంబరు, డ్యూటీ వేళలు. జీతం రాకపోయినా, దెబ్బ తగిలినా ఇద్దరు పెద్దలు కలిసి వెళ్లి అడగాలి. పాస్టర్ ఒక్కడే వెళ్తే ‘సార్, మీరు ప్రార్థన చేసుకోండి’ అంటారు. ఒక లాయరు, ఒక యూనియన్ మనిషి ఫోను నంబర్లు ఆ పుస్తకం అట్ట మీదే రాసి ఉండాలి. యూనియన్ అనగానే రాజకీయం అని ముఖం చిట్లించే పెద్దలు తమ తాతల గని రోజులు గుర్తు చేసుకుంటే మంచిది.

మన ప్రాంగణాల్లో కూడా పని జరుగుతుంది. ప్రతి డిసెంబరులో చర్చి గోపురానికి సున్నం వేయిస్తాం, పైన నక్షత్రం కట్టిస్తాం. వెదురు నిచ్చెన, ఉత్త కాళ్లు, కింద పట్టుకునే ఇద్దరు పిల్లలు, ఇదీ చాలాచోట్ల ఏర్పాటు. క్రిస్మస్ పద్దులో పూలకు, లైట్లకు, కేకుకు ఒక్కో వరుస ఉంటుంది. ఈసారి మా కమిటీ ముందు ఇంకో వరుస పెట్టాను: ఇనుప పరంజా అద్దె, రెండు బెల్టులు, రెండు హెల్మెట్లు, పైకెక్కే మనిషికి ఇన్సూరెన్స్. కోశాధికారి కేకు ఖర్చు తగ్గించాల్సి వస్తుందన్నారు. తగ్గించమన్నాను.