ట్రాక్టరు పక్కకు లాగితే తప్పు డ్రైవరుదేనా?

నాట్ల రోజుల్లో, మిరపకాయలు ఏరే రోజుల్లో కూలీలను పొలాలకు తోలేది ట్రాక్టరు ట్రక్కుల్లోనే. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టరు కాలవలో పడి 9 మంది కూలీలు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టరు మూసీ కాలవలో పడి 15 మంది పోయారు. ఆ రెంటి విచారణలోకి ఇక్కడ పోవడం లేదు. ఎక్కడ ట్రాక్టరు బోల్తాపడినా మొదట వినిపించే మాట మాత్రం ఒక్కటే: డ్రైవరు నిర్లక్ష్యం. తాగాడా, ఫోను మాట్లాడాడా అని అడుగుతారు. అడగాల్సిందే. కాని ముందు చక్రాలు ఎట్లా వున్నాయి, చివరిసారి మరమ్మతు ఎప్పుడు చేయించారు అని ఆసామిని అడిగేవాడు లేడు. డ్రైవరు కూడా జీతగాడే. "బండి ఎడమకు లాగుతోందయ్యా" అంటే "సీజను అయినాక చూద్దాంలే" అనే జవాబు మనం ఎన్ని ఊళ్ళలో వినలేదు?

బండి చెప్పకుండా చెడదు. మొదట చూడాల్సింది గాలి. దమ్ములో పట్టు కోసం వెనక టైర్లకు గాలి తగ్గిస్తారు, అది సబబే. అదే గాలితో రోడ్డెక్కి నిండు ట్రక్కు లాగితే టైరు పక్కలు మడతపడి బండి అటూ ఇటూ ఊగుతుంది. ముందు టైర్లలో ఒకదానికి గాలి తక్కువైతే బండి అటే లాగుతుంది. స్టీరింగు బాక్సు పోయిందని వేల రూపాయల లెక్క చెప్పే మెకానిక్కులున్నారు. ముందు మీటరు పెట్టి గాలి చూడమనండి!

టైరు అరుగుదలను చదువు రానివాళ్ళు కూడా చదవగలరు. నడిమి అరిగితే గాలి ఎక్కువ. రెండంచులూ అరిగితే గాలి తక్కువో, బరువు ఎక్కువో. ముందు టైరును చేత్తో రాస్తే ఒకవైపు నున్నగా, ఎదురు రాస్తే రంపంలా తగిలిందా, అలైన్‌మెంటు పోయినట్టే. అది సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అట్లాగే అరుగుతుంది.

ఆ తర్వాత ముందు ఇరుసును జాకీతో లేపి, కింద చెక్క దిమ్మ పెట్టి చక్రాన్ని ఊపాలి. పైనా కిందా పట్టి ఊపితే కదిలిందంటే బేరింగో, కింగ్‌పిన్ బుష్షులో అరిగాయి. పక్కల పట్టి ఊపితే కదిలిందంటే చాలావరకు టైరాడ్ బాల్ జాయింట్లు. దమ్ము బురద లోపలికి పోయి వీటిని తినేస్తుంది. రోజూ గ్రీజు కొడితే ఇంత దూరం రాదు. గ్రీజు డబ్బా కొనడానికి కూడా డ్రైవరు బతిమాలుకోవాలి, అదీ మన వ్యవసాయం.

ట్రాక్టరుకు కుడికొక బ్రేకు, ఎడమకొక బ్రేకు. చేలో మళ్ళడానికి అవి విడిగా వుండాలి. రోడ్డు మీద రెండు పెడల్సునూ కలిపే కొక్కెం వేసి తీరాలి. వేయకపోతే ఒకటే పట్టి బండి పక్కకు తిరుగుతుంది. ఇది ఎక్కేముందు కూలీలు తొంగిచూసినా తెలుస్తుంది.

అన్నిటికన్నా మోసం చేసేది తేలికైన స్టీరింగు. రెండు చక్రాల ట్రక్కులో ముందు భాగాన బరువు పెరిగితే అది ట్రాక్టరు వెనక కొక్కెం మీద పడి, ముందు చక్రాలు నేల వదలబోతాయి. అప్పుడు స్టీరింగు సుఖంగా తిరుగుతుంది, బండి మాత్రం తిరగదు. కాలవగట్టు మలుపులో అదెక్కడికి పోతుందో చెప్పాలా?

అసలు ట్రక్కు సరుకుల కోసం. మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పదు. ప్రమాదమైతే బీమా కంపెనీ ఆ మాటే పట్టుకుని పరిహారం ఎగ్గొట్టజూస్తుంది. బస్సు రాని పొలానికి కూలి దేంట్లో పోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ సీజను కూలి రేటు మాట్లాడేటప్పుడే రవాణా సంగతీ తేల్చుకోవాలి: మనుషుల బండి ఆసామి ఖర్చుతో రావాలి. అది సాధించేదాకా, డ్రైవరు "లాగుతోంది" అన్న రోజు ట్రాక్టరు కదలకూడదు, ఆ రోజు డ్రైవరు జీతమూ కూలీల కూలీ కొయ్యకూడదు.